సిదెమెన్ లోయలో ఇల్లు: కొనబోయేది నేలా, ఏళ్ళా?

ప్రశ్న: నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మేము రాజమహేంద్రవరంలో ఉంటాము. మా అమ్మాయి కుటుంబం ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో స్థిరపడింది. నిరుడు ఆగస్టులో అందరమూ ఇండొనేషియాలోని బాలి ద్వీపంలో కలుసుకున్నాము. సముద్రతీరపు ఊళ్ళు మాకు నచ్చలేదు కాని, తూర్పున కొండల నడుమ ఉన్న సిదెమెన్ అనే పల్లెలో గడిపిన అయిదు రోజులను మరచిపోలేకపోతున్నాము. మమ్మల్ని తిప్పిన డ్రైవరు వరిమళ్ళ అంచున తన పెదనాన్న కొడుకుకు ఆరు 'ఆర్'ల (600 చదరపు మీటర్ల) భూమి ఉందనీ, ఆర్‌కు ఏడాదికి 60 లక్షల రుపియా చొప్పున 25 ఏళ్ళకు లీజుకు ఇప్పిస్తాననీ అంటున్నాడు. కావాలంటే శాశ్వతంగా కొని తన పేర ఉంచుకోవచ్చనీ, కాగితాలన్నీ తానే చూసుకుంటాననీ కూడా చెబుతున్నాడు. ఈ నెలాఖరులోగా బయానా పంపమంటున్నాడు. ఇక్కడ స్థలం అమ్మగా వచ్చిన 80 లక్షలు నా దగ్గర ఉన్నాయి. చిన్న ఇల్లు కట్టి, ఏడాదిలో మూడు నెలలు మేముండి, మిగిలిన కాలం పర్యాటకులకు అద్దెకివ్వాలని ఆలోచన. మా ఆవిడకు అక్కడి అగుంగ్ అగ్నిపర్వతమంటే భయం. ఊరి పరిస్థితి, భూమి ధర, భద్రత, పర్యాటకం, ఈ నాలుగింటి మీద మీ సలహా కోరుతున్నాను.

సమాధానం: ముందుగా మీకు తొందరగా కావలసిన జవాబు చెబుతాను. బయానా పంపవద్దు. డ్రైవరు పేర భూమి కొనే ఆలోచనను పూర్తిగా మానుకోండి. అది ఆ దేశపు చట్టం ప్రకారం చెల్లదు. 25 ఏళ్ళ లీజు చట్టవిరుద్ధం కాదు గాని, మీ వయసుకూ, మీ దగ్గరున్న మొత్తానికీ, మీరు అనుకున్న అద్దె వ్యాపారానికీ అది పొసగదని నా అభిప్రాయం. ఆ పల్లె మీద మీకు కలిగిన ఇష్టం మాత్రం తప్పుడు ఇష్టం కాదు. దానిని తీర్చుకునే మార్గం వేరే ఉంది, అది మీ 80 లక్షలను కదిలించకుండానే సాధ్యం.

సిదెమెన్ కరంగసెమ్ జిల్లాలో, అగుంగ్ పర్వతానికి దక్షిణపు లోయలో ఉన్నది. శిఖరం నుంచి సూటి గీతగా కొలిస్తే సుమారు 16 కిలోమీటర్లు. విమానాశ్రయం నుంచి కారులో రెండు గంటల దారి. సముద్రతీరం లేదు, మద్యశాలల వీధి లేదు, పెద్ద అంగళ్ళు లేవు. మెట్లు మెట్లుగా దిగే వరిమళ్ళు, వాటి మధ్య మిరప, వేరుసెనగ, పూజకు వాడే బంతిపూల తోటలు, లోయ అడుగున ఉండా నదికి చేరే వాగులు మాత్రమే ఉన్నాయి. జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్ బాలి నడుమనున్న ఉబుద్‌లో జనం తాకిడి తట్టుకోలేక 1930ల చివర ఈ ప్రాంతంలోని ఇసే అనే పల్లెలో ఇల్లు కట్టుకున్నాడు. అంటే తొంభై ఏళ్ళ క్రితమే ఉబుద్ రద్దీగా ఉందని విసుక్కున్నవారు ఈ లోయకు వచ్చారన్నమాట. మీ విసుగుకు మంచి వంశవృక్షమే ఉంది.

ఇంకొక చుట్టరికం కూడా మీరు గమనించి ఉంటారు. సిదెమెన్ ఇళ్ళలో ఆడవారు సొంగ్‌కెట్ అనే జరీ వస్త్రాన్నీ, ఎండెక్ అనే బట్టనూ నేస్తారు. ఎండెక్ అంటే పేక నూలును ముందుగానే ముడులు వేసి, రంగుల్లో ముంచి నేసేది, అంటే మన పోచంపల్లి పద్ధతి. మనం నోరారా పలికే 'ఇక్కత్' అన్న మాట అసలు వారిదే. వారి భాషలో దానికి కట్టు, ముడి అని అర్థం. పడుగునూ పేకనూ రెండింటినీ ముడివేసి నేసే జంట ఇక్కత్ ప్రపంచంలో చాలా కొద్ది చోట్ల మాత్రమే నిలిచింది. అదే కరంగసెమ్ జిల్లాలోని తెంగనన్ ఒకటి, మన పుట్టపాక ఒకటి.

మీరు నీటిపారుదల ఇంజనీరు గనుక ఈ లోయలో అసలు ఆస్తి ఏదో మీకు సులభంగా అర్థమవుతుంది. అక్కడి మళ్ళన్నీ సుబక్ అనే నీటి సంఘాల అధీనంలో ఉంటాయి. ఒకే కాలువ నుంచి నీరందుకునే రైతులందరూ ఒక సుబక్. దానికి ఎన్నుకున్న పెద్ద ఉంటాడు, అతడిని పెకసెహ్ అంటారు. ఏ మడికి ఏ వారం నీరు, ఎప్పుడు నాటాలి, ఎప్పుడు ఎండగట్టాలి అన్నది జల దేవాలయాల పూజాక్రమంతో ముడిపడి, సంఘంలో నిర్ణయమవుతుంది. ఈ వ్యవస్థకు సంబంధించిన కొన్ని ప్రాంతాలను 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పడమటి జతిలువిహ్ మళ్ళు అందులో ఉన్నాయి, సిదెమెన్ లేదు. కాని పనితీరు అన్నిచోట్లా ఒకటే. పై మడి నిండి కింది మడిలోకి దిగే చోట ఒకడు కాంక్రీటు పోస్తే, కిందివాడి గతి గోదావరి కాలువల శివారు రైతు గతే. మీ డ్రైవరు చూపిన ఆరు ఆర్‌లు మీకు విడి స్థలంగా కనిపించాయి. ఊరివారి లెక్కలో అది ఒక కాలువలోని ఒక మెట్టు.

పైగా మీరు డబ్బు పెట్టబోయేది ఆ నేలకు కాదు, ఆ నేల మీద నిలబడితే కనిపించే దృశ్యానికి. ఆ దృశ్యం మీ లీజు పత్రంలో ఉండదు. ఎదుటి మడిని సాగుచేసే రైతు రేపు విసిగి తన పొలాన్ని మరొక విదేశీయుడికి లీజుకిస్తే, మీ వరండా ముందు ఒక ఈతకొలనూ ఒక ప్రహరీగోడా లేస్తాయి. ఇది ఊహ కాదు. దక్షిణాన చంగు ప్రాంతంలో పదిహేనేళ్ళలో సరిగ్గా ఇదే జరిగింది.

ఇక చట్టం. ఇండొనేషియాలో భూమికి మూలశాసనం 1960 నాటి 5వ నంబరు భూచట్టం. అందులో సంపూర్ణ యాజమాన్యాన్ని 'హక్ మిలిక్' అంటారు. ఆ 'హక్', మన 'హక్కు' ఒకే అరబ్బీ మాట. 21వ నిబంధన ప్రకారం ఈ హక్కు ఇండొనేషియా పౌరులకే ఉంటుంది. వారసత్వంగా విదేశీయుడికి సంక్రమించినా ఏడాదిలోగా వదులుకోవాలి. 26వ నిబంధన ఇంకా కఠినమైనది. ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని విదేశీయుడికి ఈ హక్కును చేర్చే ఏ లావాదేవీ అయినా చెల్లదు, భూమి ప్రభుత్వపరం అవుతుంది, చెల్లించిన డబ్బు తిరిగి అడగడానికి వీలుండదు. 'పరోక్షంగా' అన్న ఆ ఒక్క మాట మీ డ్రైవరు చెప్పిన రెండవ పద్ధతిని ఉద్దేశించినదే.

రాజమహేంద్రవరంలో ఉండే మీకు దీనిని వివరించడం నిజానికి తేలిక. రంపచోడవరం దాటి మన్యంలోకి వెళితే 1/70 చట్టం ఉంది. గిరిజనేతరుడు అక్కడ భూమి కొనకూడదు. అందుకని గిరిజనుడి పేర కొని, లోపాయికారీ కాగితాలు రాయించుకుని, ఆ తరువాత కోర్టుల చుట్టూ తిరిగినవారి కథలు మీరు ఉద్యోగంలో ఉండగా వినే ఉంటారు. బాలిలో దానికి నామినీ ఒప్పందం అని మర్యాదగా పేరు పెట్టారు. మన భాషలో అది బినామీ. డ్రైవరు పేర హక్కు పత్రం ఉంటుంది, అతడు మీకు బాకీ ఉన్నట్టు ఒక పత్రం, మీకు అధికారమిస్తున్నట్టు మరొక పత్రం తయారవుతాయి. చూడడానికి కట్ట దట్టంగానే ఉంటుంది. తగాదా వచ్చిన రోజున న్యాయస్థానం ఆ కట్ట వెనుక ఉన్న ఉద్దేశాన్ని చూస్తుంది, ఆ ఉద్దేశం చట్టాన్ని దాటడమే గనుక మీరు నిలబడడానికి చోటుండదు.

డ్రైవరు మోసగాడని నేను అనడం లేదు. మీరు అతడిని 'బ్లీ' అని పిలిచే ఉంటారు. బాలిలో అన్నను పిలిచే పిలుపు అది, అతడు దానికి తగినవాడే కావచ్చు. కాని అతడు చనిపోతే భూమి అతడి వారసులది. అతడు అప్పుల పాలైతే భూమి అప్పులవారికి కనిపించే ఆస్తి. మీరు నమ్ముతున్నది ఒక్క మనిషిని, భూమి పోయేది అతడి తరువాతి తరానికి.

విదేశీయుడికి చట్టబద్ధమైన దారులు మూడున్నాయి. మొదటిది 'హక్ పకై', అంటే వినియోగ హక్కు. 2021లో వచ్చిన నియమాల ప్రకారం అది 30 ఏళ్ళు, పొడిగింపు 20, పునరుద్ధరణ 30, వెరసి 80 ఏళ్ళ దాకా ఉండవచ్చు. అయితే విదేశీయులు తీసుకునే ఇంటికి కనీస ధర నిర్ణయించారు. బాలిలో అది 500 కోట్ల రుపియా. ఒక భారత రూపాయికి సుమారు 185 రుపియా అనుకుంటే 2 కోట్ల 70 లక్షలు. మీ ప్రశ్నకు ఈ తలుపు మూసుకుపోయినట్టే. రెండవది విదేశీ పెట్టుబడి కంపెనీని స్థాపించి, దాని పేర భవన నిర్మాణ హక్కు పొందడం. అందుకు భూమి, భవనాల విలువ కాక 1,000 కోట్ల రుపియాకు మించిన పెట్టుబడి ప్రణాళిక చూపించాలి. మీ 80 లక్షలు 148 కోట్ల రుపియా మాత్రమే. మూడవది 'హక్ సెవా', అంటే మన కౌలు లేదా లీజు. మీ డ్రైవరు చెప్పిన మొదటి పద్ధతి ఇదే.

లీజును మన కొలతల్లోకి మార్చి చూద్దాము. ఆర్ అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు రెండున్నర సెంట్లు. ఆరు ఆర్‌లంటే 600 చదరపు మీటర్లు, సుమారు 718 గజాలు, పదిహేను సెంట్లకు రవ్వంత తక్కువ. ఆర్‌కు ఏడాదికి 60 లక్షల రుపియా చొప్పున ఆరు ఆర్‌లకు 25 ఏళ్ళకు 90 కోట్ల రుపియా అవుతుంది. మన డబ్బులో 48 లక్షల 60 వేలు. బాలిలో ఆనవాయితీ ఏమిటంటే ఈ మొత్తాన్ని మొదటే చెల్లించాలి. మిగిలిన 31 లక్షలతో ఇల్లు కట్టాలి. 25వ ఏడు ముగిసిన మరునాడు నేల సొంతదారుది, ఇంటి సంగతి ఒప్పందంలో ఎలా రాస్తే అలా, అది కూడా సాధారణంగా సొంతదారుకే పోతుంది.

భూమి ధర పెరుగుతుందా అని మీరు అడిగారు. పెరగవచ్చు, కాని ఆ పెరుగుదల మీది కాదు, సొంతదారుది. మీ చేతిలో ఉన్నది ఏటేటా పొట్టిదవుతూ పోయే కాలం. లీజును అయిదేళ్ళ తరువాత మరొకరికి అమ్మితే అమ్మేది ఇరవై ఏళ్ళు, పదిహేనేళ్ళ తరువాత అమ్మితే పదేళ్ళు. పదేళ్ళు మిగిలిన లీజు కొనేవాడు ముందు అడిగేది పొడిగింపు సంగతే, ఆ పొడిగింపు ధర పెంచుకునే అవకాశం అప్పటి మార్కెట్టును బట్టి సొంతదారుకే ఉంటుంది.

ఇంకొక లెక్క వేయండి. 80 లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి ఉంచితే ఏడాదికి 5 లక్షల 60 వేలు వస్తుంది. సిదెమెన్‌లో రోజుకు మూడు వేల రూపాయల గదిలో 90 రోజులున్నా 2 లక్షల 70 వేలే అవుతుంది. విమాన టిక్కెట్లకూ భోజనానికీ మిగిలిన వడ్డీ సరిపోతుంది, అసలు కదలదు. లీజు తీసుకుంటే ఆ వడ్డీ పోవడమే కాక, అసలులోంచి సగటున ఏడాదికి 3 లక్షల 20 వేలు కరిగిపోతుంది. తొమ్మిది నెలల అద్దె ఆదాయం ఈ లోటును పూడ్చాలి.

అక్కడే అసలు చిక్కు. పల్లెల్లో ఇంటిని పర్యాటకులకు అద్దెకిచ్చే 'పొందొక్ విసత' అనుమతి ఇండొనేషియా పౌరులకు ఉద్దేశించినది. విదేశీయుడికి పైన చెప్పిన కంపెనీ కావాలి. పర్యాటక వీసా మీద వచ్చి అతిథుల దగ్గర డబ్బు తీసుకుంటే, అది ఇంటర్నెట్ ద్వారా జరిగినా సరే, వీసా నియమాల ఉల్లంఘనే. బాలి వలస అధికారులు ఇటీవలి ఏళ్ళలో ఇటువంటివారిని విడవకుండా వెనక్కి పంపుతున్నారు. అంటే మీ తొమ్మిది నెలల అద్దె కూడా డ్రైవరు పేరనే నడవాలి. బినామీ వద్దనుకుని ముందు తలుపు మూసితే అది పెరటి తలుపున వచ్చి నిలబడుతుంది.

ఆ స్థలంలో ఇల్లు కట్టవచ్చా అన్నది మరొక సందేహం, నాకు అన్నింటికంటె ఎక్కువ అనుమానం దీని మీదనే. వరిమళ్ళ అంచున మంచి దృశ్యం ఉన్న స్థలాలు చాలా మటుకు హరిత మండలంలోనో, రక్షిత వరి భూముల జాబితాలోనో ఉంటాయి. అక్కడ భవన అనుమతి రాదు. 'అందరూ కడుతున్నారు' అన్న మాట అనుమతి పత్రం కాదు. 2025 జులైలో బాలి దక్షిణాన బింగిన్ తీరంలో ఏళ్ళ తరబడి నడుస్తున్న 40కి పైగా నిర్మాణాలను అక్రమమని ప్రభుత్వమే కూల్చివేసింది. ఆ సెప్టెంబరులో వరదలు వచ్చి పదిహేను మందికి పైగా చనిపోయారు. నీరింకే పొలాలు భవనాలైపోవడం కూడా దానికి కారణమన్న విమర్శ గట్టిగా వినిపించింది. ఆ తరువాత గవర్నరు వయన్ కొస్తెర్ పంటభూముల్లో కొత్త హోటళ్ళకూ రెస్టారెంట్లకూ అనుమతులు ఆపుతామని ప్రకటించారు. ఆ గాలి ఏ దిక్కున వీస్తున్నదో చూసి అడుగు వేయాలి.

నేల ఎవరిదన్న ప్రశ్న కూడా అంత సూటిగా ఉండదు. మన ఉమ్మడి ఆస్తి తగాదాలు మీకు తెలుసు. బాలి కుటుంబాల్లోనూ పిత్రార్జితం మగ సంతానం వరుసలో పోతుంది. 'పెదనాన్న కొడుకు' ఒక్కడు సంతకం పెడితే చాలదు, వాటా ఉన్నవారందరూ పెట్టాలి. కొన్ని భూములు గ్రామ సంప్రదాయ మండలికి, అంటే 'దెస అదత్'కు చెందినవై ఉంటాయి. వాటిని అనుభవించే కుటుంబం గ్రామానికీ దేవాలయానికీ చాకిరీ చేయాలే తప్ప అమ్ముకోలేదు. అక్కడ కాపురముండే పరాయివాడికి కూడా వాడకట్టు సంఘమైన 'బంజర్'తో సంబంధం ఉంటుంది. ఊరి కట్టుబాట్లకు ఒదగాలి, చందాలివ్వాలి. వారూ హిందువులే గనుక మనకు ఇబ్బంది ఉండదని మీరు అనుకోవచ్చు. దేవుడి పేర్లు కలుస్తాయి, నిజమే. కాని దేవుడి పేర్లు కలిసినంత మాత్రాన భూమి లావాదేవీ సులభమయ్యేటట్టయితే మన ఊళ్ళలో సివిల్ దావాలే ఉండేవి కావు.

ఇవన్నీ తెలిసి కూడా లీజు తీసుకోవాలన్న పట్టుదల మీకు ఉంటే, డ్రైవరు చూపిన నోటరీని కాకుండా మీరే ఎంచుకున్న నోటరీని పెట్టుకోండి. భూమి కార్యాలయంలో హక్కు పత్రం అసలుదో కాదో, తాకట్టు ఉన్నదో లేదో పరిశీలింపజేయండి. ఆ సర్వే నంబరు ఏ భూవినియోగ మండలంలో (జోన్‌లో) ఉన్నదో రాతపూర్వకంగా తెప్పించండి. దారి హక్కును పత్రంలో రాయించండి, ఎందుకంటే పొలం గట్టు మీద నడిచి చేరే స్థలానికి సిమెంటు బస్తా కూడా చేరదు. పొడిగింపు ధరను ఎలా లెక్కకట్టాలో ఇప్పుడే రాసుకోండి. ఒప్పందం ఇండొనేషియా భాషలో ఉండి తీరాలి. 2009 నాటి భాషా చట్టం ఆ నియమం పెట్టింది, ఇంగ్లీషులో మాత్రమే రాసుకున్న ఒప్పందాలను న్యాయస్థానాలు కొట్టివేసిన సందర్భాలున్నాయి. ఒక మంచి సంగతి కూడా ఉంది. లీజు నడుస్తుండగా సొంతదారు భూమిని మరొకరికి అమ్మినా లీజు రద్దు కాదని అక్కడి పౌరస్మృతి చెబుతున్నది.

మన దేశం వైపు సంగతి క్లుప్తంగా చెబుతాను. రిజర్వు బ్యాంకు సరళీకృత విదేశీ చెల్లింపుల పథకం కింద మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు, ఆస్తి కోసం కూడా. 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందుగా వసూలు చేస్తుంది. మీరు 80 లక్షలు పంపితే అది 14 లక్షలు. రిటర్నులో సర్దుబాటు అవుతుంది గాని అప్పటిదాకా చేతిలో ఉండదు. ఆ ఆస్తిని ఏటా రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాలి. చూపకపోతే 2015 నాటి నల్లధన చట్టం కింద జరిమానా 10 లక్షలు. డ్రైవరు పేర కొంటే ఆ పట్టికలో ఏమని రాస్తారు? మీదని రాస్తే అక్కడి చట్టాన్ని దాటినట్టు ఒప్పుకోవడం, రాయకపోతే ఇక్కడ నేరం.

ఇప్పుడు మీ శ్రీమతి గారి భయం. ఆమె భయపడడంలో తప్పు లేదు, అయితే దానిని సరైన చోట పెట్టుకోవాలి. అగుంగ్ 1963లో బద్దలైనప్పుడు వెయ్యిమందికి పైగా చనిపోయారు. బెసాకిహ్ మహాదేవాలయంలో నూరేళ్ళకొకసారి జరిగే ఏకాదశ రుద్ర మహోత్సవం జరుగుతున్న సమయమది. ఆ తరువాత 2017లో మళ్ళీ మేలుకున్నది. సెప్టెంబరు 22న హెచ్చరికను అన్నింటికంటె పై స్థాయి అయిన 'అవస్'కు పెంచారు, లక్షమందికి పైగా ఊళ్ళు వదిలారు, నవంబరు చివర బూడిద వల్ల విమానాశ్రయాన్ని రెండు రోజులకు పైగా మూసివేశారు. 2019 నడుమ వరకు అది అప్పుడప్పుడూ ఎగదన్నుతూనే ఉంది. అప్పటి నిషిద్ధ ప్రాంతం కొన్ని దిక్కుల్లో గరిష్ఠంగా 12 కిలోమీటర్ల దాకా విస్తరించింది, సిదెమెన్ దానికి వెలుపలనే ఉంది.

కాబట్టి సిదెమెన్‌లో భయపడవలసింది నిప్పుకు కాదు, నీటికి. పర్వతం మీద పేరుకున్న బూడిద, ఇసుక వానతో కలిసి బురద ప్రవాహమై వాగుల వెంట దిగుతుంది. అది శిఖరం నుంచి ఎంత దూరమని చూడదు, ఏ వాగు అని చూస్తుంది. 1963లో ఉండా నది వెంట అటువంటి ప్రవాహాలే సెమరపుర పట్టణం వైపు దిగి విధ్వంసం చేశాయి. తరువాత ఆ నది మీద ఇసుకను ఆపే అడ్డుకట్టలు కట్టారు. ఈసారి వెళ్ళినప్పుడు వాటిని తప్పక చూడండి, వృత్తిరీత్యా మీకు ఆసక్తిగా ఉంటుంది. ఉండడానికి గది తీసుకున్నా సరే వాగు ఒడ్డున కాకుండా గట్టు మీద తీసుకోండి. భూకంపాలూ ఉన్నాయి. 2021 అక్టోబరు 16న వచ్చిన చిన్నపాటి కంపానికే కరంగసెమ్, బంగ్లి జిల్లాల్లో కొండచరియలు విరిగి, గోడలు కూలి మనుషులు చనిపోయారు. నిటారు వాలు అంచున ఉన్న గది ఫొటోలో ఎంత అందంగా ఉంటుందో అంత అనుమానించదగినది.

దొంగతనాలు, దౌర్జన్యాలు ఆ పల్లెలో పెద్ద సమస్య కాదు. ఊరి కావలివారైన పెచలంగ్‌లు ఉంటారు, ఒకరికొకరు తెలిసిన ఊరు. మీ వయసువారికి నిజమైన ప్రమాదం అద్దె స్కూటరు. ఇరుకు దారులు, నిటారు మలుపులు, వాన, ఎదురుగా ఇసుక లారీలు. ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ లైసెన్సు లేకుండా పడితే ప్రయాణ బీమా పైసా ఇవ్వదు. కారు పెట్టుకోండి. 2008 నుంచి బాలిలో కుక్కకాటు వ్యాధి ఉన్నది. వీధికుక్క గీరినా ఉపేక్షించకుండా ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. సిదెమెన్ చుట్టుపక్కల కొబ్బరి కల్లును బట్టీ పట్టి అరక్ తీస్తారు. ఇంటి బట్టీలో తీసినది మన నాటుసారా వంటిదే, కాని కల్తీ అరక్‌లో మిథనాల్ కలిసి 2009లో బాలిలో పాతికమంది దాకా చనిపోయారు. మర్యాద కోసం గ్లాసు అందుకున్నా పెదవి తడపకండి. గుండెకు సంబంధించిన మందులు వాడేవారు ఇంకొకటి ఆలోచించాలి. జిల్లా ఆసుపత్రులు సెమరపురలోనూ అమ్లపురలోనూ ఉన్నాయి గాని, పెద్ద వైద్యం కావాలంటే బాలి రాజధాని దెన్‌పసర్ చేరాలి, అది గంటన్నర దారి. న్యేపి అనే మౌన దినాన ద్వీపమంతా ఇరవైనాలుగు గంటలు ఆగిపోతుంది, విమానాశ్రయం కూడా. అత్యవసర వైద్యానికి మాత్రం మినహాయింపు ఉంటుంది.

పర్యాటకం విషయంలో మీ డ్రైవరు ఉత్సాహానికి ఆధారం లేకపోలేదు. 2024లో బాలికి 63 లక్షల మంది విదేశీయులు వచ్చారు. దేశాల వరుసలో ఆస్ట్రేలియా తరువాతి స్థానం మనదే, బెంగళూరు నుంచి ఆ ఏడాది నేరుగా విమానం కూడా మొదలైంది. కాని అదే లెక్కల పుస్తకంలో మరొక పుట ఉంది. కరోనా కాలంలో, 2021 మొత్తానికి బాలికి నేరుగా వచ్చిన విదేశీ పర్యాటకులు 51 మంది. లక్షలు కాదు, వేలు కాదు, యాభై ఒక్క మంది. 2017 నాటి బూడిద కూడా నెలల పాటు గదులను ఖాళీగా ఉంచింది. అటువంటి ఏడాదిలో సిదెమెన్ రైతుకు మడి ఉంటుంది, నేతగత్తెకు మగ్గం ఉంటుంది. లీజుదారుకు మాత్రం గడియారం ఒక్కటే నడుస్తుంది. పైగా సిదెమెన్‌కు వచ్చేవారు ఒకటి రెండు రాత్రులుండి కదిలిపోయేవారే ఎక్కువ. జులై, ఆగస్టు, డిసెంబరు చివరి రోజులు నిండుతాయి, నవంబరు నుంచి మార్చి దాకా వానలు. ఉత్తర తీరంలో కొత్త విమానాశ్రయం వస్తుందన్న మాటను పదేళ్ళకు పైగా చెబుతున్నారు. దానిని భూమి ధరలో కలిపి చెప్పేవారితో బేరం ఆడవద్దు.

మీరు చూసినది ఆగస్టు సిదెమెన్ మాత్రమే. ఈ జనవరిలో వెళ్ళండి. వీసా అక్కడ దిగినప్పుడు 5 లక్షల రుపియాకు ఇస్తారు. అది 30 రోజులు, మరొక 30 రోజులు పొడిగించుకోవచ్చు. ద్వీపానికి విడిగా లక్షన్నర రుపియా పర్యాటక రుసుము ఉంది. ఊరివారు నడిపే ఇంట్లో రెండు నెలలకు గది మాట్లాడుకోండి, నెలసరి బేరానికి ధర బాగా దిగుతుంది. వానలో ఆ దారి ఎలా ఉంటుందో, రాత్రి కరెంటు పోతే ఎంతసేపటికి వస్తుందో, మీ శ్రీమతి గారికి అక్కడి పొద్దు గడుస్తుందో లేదో చూడండి. మీ అమ్మాయి పెర్త్ నుంచి మూడున్నర గంటల్లో వచ్చి వెళుతుంది. వీలైతే అక్కడి పెకసెహ్‌ను కలిసి ఆ కాలువ సంగతులు అడగండి. ఆరు ఆర్‌ల స్థలం ఏ మెట్టులో ఉన్నదో, అక్కడ ఇల్లు లేస్తే కింది మళ్ళకు నీరు ఎలా వెళుతుందో ఆయన చెప్పినంత వివరంగా ఏ నోటరీ చెప్పలేడు.

డ్రైవరుకు మాత్రం ఈ రోజే ఒక సందేశం పంపండి, అతడిని నెలాఖరు దాకా ఆశలో ఉంచడం ధర్మం కాదు. భూమి తీసుకోవడం లేదనీ, ఇది అతడి మీద అపనమ్మకంతో కాదనీ, జనవరిలో రెండు నెలలు వస్తున్నామనీ, ఆ కాలమంతా కారు అతడిదేననీ రాయండి. వాళ్ళ పెదనాన్న గారింట్లో ఖాళీ గది ఉంటే, దానికి మాత్రం బయానా పంపండి.